నేస్తానికి అమ్మిన కారు

మొన్న మా అల్లుడు పలాస నుంచి వచ్చి, భోజనం అయ్యాక వరండాలో నా పక్కన కూర్చుని ఫోనులో కార్ల బొమ్మలు చూపించాడు. కొత్తవి కావు, ఇంకెవరో వాడి అమ్మేస్తున్నవి. ఒక్కొక్క కారుకీ పేజీల కొద్దీ పరీక్ష కాగితం ఉంది. ఎక్కడ గీత పడింది, ఏ టైరు ఎంత అరిగింది, ఎన్ని చేతులు మారింది, అన్నీ అందులోనే రాసి పెట్టారు. ఆదివారం శ్రీకాకుళం వెళ్లి అందులో ఒకటి చూసి వద్దామనుకుంటున్నాననీ, నేను కూడా వస్తే బాగుంటుందనీ అంటూ, "మీకు అనుభవం ఉంది కదా మావయ్యా, అప్పట్లో మీరూ సెకండ్ హ్యాండు కారు కొన్నారట కదా" అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు, పాపం అతనికేం తెలుసు. లోపల గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ చేతుల చప్పుడు మాత్రం టక్కున ఆగిపోయింది. మోకాళ్ల నొప్పులని ఏదో వంక చెప్పి నేను తప్పించుకున్నాను.

నా ఈడు వాళ్లం నలుగురం కలిస్తే ఎవరెవరు ఎక్కడెక్కడ మోసపోయామో నవ్వుకుంటూ చెప్పుకోవడం మామూలే. నేనూ ఈ కారు కథని చాలాసార్లు చెప్పాను, ఇచ్ఛాపురం బ్రోకరు చేతిలో మోసపోయినంతవరకూ. అక్కడికి అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను, ఈలోగా టీలు వస్తాయి. మిగతా సగం వాళ్లకి ఎప్పుడూ చెప్పలేదు. మా ఆవిడకి తెలుసు గనక ఆమెకి చెప్పక్కర్లేకపోయింది.

ముందు నా నేస్తం సంగతి చెప్పాలి. మా ప్రాంతం వాళ్లకి తెలుసు గానీ మిగతా జిల్లాల వాళ్లకి తెలియకపోవచ్చు, మా ఉద్దానంలో నేస్తం అంటే ఊరికే స్నేహితుడు కాదు. పెద్దలు కూర్చుని మాట్లాడుకుని ఇద్దరు పిల్లలకి నేస్తం కట్టేవారు. కులం ఒకటి కానక్కర్లేదు, ఊరు ఒకటి కానక్కర్లేదు. మాది కొబ్బరి, జీడితోటలున్న రైతు కుటుంబం, వాళ్లది అక్కుపల్లిలో సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం. వాళ్ల నాన్న కావిడి వేసుకుని ఎండుచేపలు మా ఊరు తెచ్చేవాడు, మా నాన్న ఆయన కావిడిలో కొబ్బరికాయలు వేసి పంపేవాడు. ఆ ఇచ్చిపుచ్చుకోవడాల్లో వాళ్లిద్దరికీ ఏం కుదిరిందో గానీ, ఒక ఏడాది అమ్మవారి సంబరం నాడు మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరి భుజాన ఒకరిచేత కొత్త తువ్వాళ్లు వేయించి, ఒకే బెల్లంముక్క చెరిసగం తినిపించారు. నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయేమో. ఆ రోజు నుంచీ అతని పేరు నేను పలకలేదు, నా పేరు అతను పలకలేదు. ఎంత దూరాన కనబడినా "నేస్తం" అనే పిలుపే. అక్కుపల్లిలో ముసలివాళ్లు సైతం మా ఇంటి పిల్లల్ని "బాబూ" అని, "మీరు" అని మర్యాద చేస్తుంటే నాకు ఇబ్బందిగా ఉండేది. అతనొక్కడే నన్ను "నువ్వు" అనేవాడు. మా నాన్న పోయినప్పుడు నాతోపాటు అతనూ గుండు చేయించుకుని పదకొండు రోజులూ మా ఇంట్లోనే ఉన్నాడు.

నేస్తరికంలో ఇంకో పద్ధతి ఉండేది. నేస్తాల మధ్య బేరం ఉండకూడదు, నేస్తం ఇచ్చినదాన్ని తిరగేసి చూడకూడదు. చిన్నప్పుడొకసారి అతను తెచ్చిన చందువా చేప తాజాదో కాదోనని నేను మొప్ప ఎత్తి చూడబోతే మా అమ్మ గరిటెతో నా చేతి మీద ఒక్కటిచ్చింది. అతను ఏం పట్టించుకోలేదు గానీ, ఆ రాత్రంతా మా అమ్మ సణుగుతూనే ఉంది.

ఇక కారు. నాకు నలభై దాటేసరికి పలాసలో జీడిపప్పు వ్యాపారం కాస్త నిలదొక్కుకుంది. పిక్కలు కొని, కాల్పించి, ఒలిపించి, పప్పు డబ్బాలకెత్తి పంపించడం. నాది పెద్ద వ్యాపారమేమీ కాదు, కానీ పెద్ద వ్యాపారుల మధ్య తిరగడం వల్ల వచ్చే రోగాలన్నీ నాకూ వచ్చాయి. కాశీబుగ్గలో మేమంతా కలుసుకునే చోట వాళ్ల కార్ల వరసలో నా స్కూటరు ఒక్కటీ ఓ మూల నిలబడి ఉండేది. ఒక వర్షాకాలం పూట నేను తడిసి ముద్దయి వెళ్లినప్పుడు వాళ్లలో ఒకాయన తువ్వాలు అందిస్తూ, "ఏటి బావా, ఇంకా స్కూటరేనా" అన్నాడు. ఎగతాళికి కూడా అనలేదాయన, జాలిపడి అన్నాడు. ఆ జాలి నాకు నెలరోజులు అన్నం సహించనివ్వలేదు. అప్పుడు నా నేస్తం ఇక్కడ లేడు. మా తీరం వాళ్లు చాలామంది లాగే గుజరాత్‌లో వెరావల్ వెళ్లి, అక్కడ బోట్ల మీద పనిచేస్తూ, చేపల కంపెనీ వ్యాను నడపడం కూడా నేర్చుకున్నాడని ఉత్తరాల వల్ల తెలిసేది. అతను ఇక్కడే ఉంటే కారు చూడ్డానికి తప్పకుండా వెంట తీసుకెళ్లేవాణ్ణి. లేకపోయేసరికి నా తెలివి మీద నాకున్న నమ్మకంతో ఒక్కణ్ణే ఇచ్ఛాపురం వెళ్లాను.

ఆ బ్రోకరు సగం ఒడియా సగం తెలుగు కలిపి మాట్లాడేవాడు. తెల్లటి చిన్నకారు, ఒడిశా నంబరు. "దాగదరు బాబు బండి బాబూ ఇది, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరగనేదు" అన్నాడు. ఈ దేశంలో అమ్మకానికొచ్చిన పాతకార్లన్నీ డాక్టర్లవేనని నాకు తర్వాత తెలిసింది. సీట్లకి కొత్త కవర్లు, కాళ్ల కింద కొత్త పట్టాలు, పైన కొత్త రంగు, తలుపు తీయగానే గుప్పుమని మల్లెపూల సెంటు. అంత పాత బండికి ఇంత కొత్త సరుకు ఎందుకు తొడిగారని నాకు తోచలేదు సరికదా, ముచ్చటపడ్డాను. అంతకు ముందు ఏడాదే అటువైపు తుపాను వచ్చి సముద్రం ఊళ్ల మీద పడిందని పేపర్లో చదివినవాణ్ణి, సముద్రపు గాలి పీల్చి పెరిగినవాణ్ణి, టైరుని కాలితో రెండుసార్లు తన్ని, హారను కొట్టి చూసి, బాగుందన్నాను.

మూడు నెలలు నా వైభవం చూడాలి. అమ్మవారి దగ్గరికి తీసుకెళ్లి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. పని ఉన్నా లేకపోయినా బారువ దాకా షికారు వెళ్లి సముద్రం చూసి వచ్చేవాళ్లం, ఇంటికి రెండు మైళ్లలో ఉన్న సముద్రం చాలనట్టు. మా ఆవిడే మొదట అంది, ఎంత ఎండ కాసినా కాళ్ల కింద పట్టా చెమ్మగానే ఉంటున్నదేమిటని. నేను ఏసీ వల్ల అన్నాను. ఆ కారులో ఏసీ పనిచేసేది కాదని మా ఇద్దరికీ తెలుసు, అయినా ఆమె ఊరుకుంది.

వర్షాలు మొదలవగానే దాని రంగు బయటపడింది. దీపాలు వాటంతటవే వెలిగి ఆరేవి. ఒకరోజు కాశీబుగ్గలో ఆ వ్యాపారులందరి ఎదుటా హారను దానంతటదే మొదలై, వైరు పీకేదాకా ఆగలేదు. చివరికి పలాసలో ఒక మెకానిక్కు దగ్గరికి తోలించాను. అతను తలుపు లోపలి అట్ట విప్పి చెయ్యి పెట్టి, పిడికెడు సన్న ఇసుక తీసి నా ముందు నేల మీద పోశాడు. పట్టా ఎత్తి చూపిస్తే కింద రేకంతా పొక్కిపోయి, దాని మీద తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. "ఇది సముద్దరం తాగీసిన బండి బాబూ. పైన రంగేసీసినారు. ఏడాది నడిస్తే గొప్ప, మధ్యలో నేల రేకు ఊడిపోనా ఊడిపోద్ది" అన్నాడు. డబ్బు పోయిందన్న బాధ కంటే, ఆ వ్యాపారులకి తెలిస్తే ఎంత నవ్వుకుంటారో అన్న బాధే ఎక్కువ. పైపైన అతుకులు వేసి, వైర్లు మార్చి, పట్టాలు మళ్లీ పరిచెయ్యమని చెప్పి, ఈ సంగతి ఎవరితోనూ అనవద్దని రెండుసార్లు చెప్పి వచ్చాను. అమ్మేద్దామనుకున్నాను. ఎవరో ఒక ముక్కూమొహం తెలియనివాడికి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా నేస్తం వెరావల్ నుంచి తిరిగి వచ్చేశాడు. బోటు తాడు తెగి తగిలి కుడిభుజం దెబ్బతిన్నదట, ఇంక వల లాగవద్దని డాక్టరు చెప్పేశాడట. మా ఇంటికి వచ్చి, వరండా గట్టు మీద నా పక్కన కూర్చుని, అయిదేళ్లు కూడబెట్టిన సొమ్ముతో ఏం చేద్దామనుకుంటున్నాడో చెప్పాడు. అక్కుపల్లి నుంచి పలాస స్టేషనుకి, ఆస్పత్రికి వెళ్లాలంటే ఆ తీరం ఊళ్ల వాళ్లకి వేళకి బండి దొరకదు. ఒక కారు కొనుక్కుని బాడుగకి తిప్పుకుంటే ముసలితనం దాకా బతికిపోవచ్చు. వాకిట్లో ఉన్న తెల్లకారు కేసి చూసి, "నువ్వు దీన్ని మార్చాలనుకుంతన్నావని ఎవరో అన్నారు నేస్తం. మార్చీదుంటే నాకు ఇచ్చీ" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏముంది అందులో?

అతను వెళ్లాక మా ఆవిడ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఉన్నదున్నట్టు సెప్పీండి. సెప్పినాక తీసుకుంతే అతనిష్టం" అంది. అతనికి బండ్లు తెలుసుననీ, చూసే తీసుకుంటాడనీ, చూసుకోవలసిన బాధ్యత కొనేవాడిదేననీ నేను ఏదేదో అన్నాను. వ్యాపారంలో నేర్చుకున్న మాటలవి. నేస్తం ఇచ్చినదాన్ని నేస్తం చూడడని నాకు తెలుసు, మా అమ్మ గరిటె నేర్పిన పాఠం నేను మర్చిపోలేదు. ముక్కూమొహం తెలియనివాడైతే మెకానిక్కుని వెంటబెట్టుకుని వస్తాడు, పట్టా ఎత్తుతాడు, తలుపు విప్పుతాడు. ఈ లోకంలో ఆ కారులో పట్టా ఎత్తి చూడకుండా కొనే మనిషి నాకు ఒక్కడే ఉన్నాడు, నేను అతనికే అమ్మాను.

కారు తీసుకెళ్లడానికి అతను తెల్లటి లుంగీ కట్టుకుని, భార్యతో కొబ్బరికాయ పట్టించుకుని వచ్చాడు. సొమ్ము తువ్వాలులో మూటకట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు, ధర ఎంతని అడగనైనా లేదు. కొన్న ధరకే ఇస్తున్నాను, పైన రూపాయి తీసుకోను అని నేనే గొప్పగా చెప్పి, లెక్కపెట్టి, మిగిలినది తిరిగి ఇచ్చాను. ఆ మాటకి అతని భార్య కళ్లు చెమర్చాయి, మంచి మనసని నన్ను మెచ్చుకుంది. అప్పుడు నేను బానెట్టు ఎత్తి, ఒకసారి చూసుకో అన్నాను. అతను చూస్తే బాగుండునని నిజంగానే అనుకున్నాను. అతను చూసి, ఇదేమిటి నేస్తం అని అడిగితే నేను చెప్పేసేవాణ్ణి, ఒట్టు. కానీ అతను తన మంచి చేత్తో బానెట్టు దించేసి, "నువ్వు సూసినాక నాను సూసేదేటి" అని నవ్వాడు. అదిగో, ఆ క్షణంలో నోరు తెరవడానికి నాకు కావలసినంత వ్యవధి ఉంది. అతను కొబ్బరికాయ కొట్టాడు, ఒక చెక్క నాకిచ్చాడు, సీటు సర్దుకున్నాడు, భార్యని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, చెయ్యి ఊపాడు. నేను కొబ్బరిచెక్క పట్టుకుని నిలబడే ఉన్నాను.

నాలుగు నెలలు బాగానే నడిచింది. ఆ నాలుగు నెలలూ నేను అక్కుపల్లి వైపు వెళ్లలేదు. ఎదురుపడితే హారను కొట్టి పలకరించేవాడు, బాడుగలు బాగున్నాయనేవాడు, నేను తొందర పని ఉన్నట్టు స్కూటరు ముందుకు పోనిచ్చేవాణ్ణి. తర్వాత వాళ్ల ఊళ్లో ఒక పెళ్లికి ఆ కారుకి పూలు కట్టి పెళ్లికొడుకుని ఎక్కించారు. వధువుది హరిశ్చంద్రపురం దగ్గర ఊరు. సగం దారిలో, జీడితోటల మధ్య, నడుపుతున్న నా నేస్తం కాళ్ల కింద నేల రేకు ఊడి రోడ్డు మీద పడింది. బండి గుంటలోకి ఒరిగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గానీ, పెళ్లికొడుకు మోచెయ్యి కొట్టుకుపోయింది, బాసికం ఊడిపోయింది, వాళ్లు ఎవరిదో లారీ ఎక్కి వెళ్లేసరికి ముహూర్తం దాటిపోయింది. ఆ పెళ్లివాళ్లు నా నేస్తాన్ని నడిరోడ్డు మీద అనరాని మాటలన్నారట. కొత్త రంగేసి పాడుబండి తెచ్చి జనాన్ని చంపబోయాడని ఊరంతా అనుకున్నారు. నాలుగు రోజులయ్యాక, పడవల్ని ఇసుక మీదికి లాగే మనుషులే ఆ కారుకి తాళ్లు కట్టి, ఎప్పుడూ పడవకి పాడే పాటే పాడుతూ అతని వాకిటి దాకా లాగి తెచ్చారట. పిల్లలంతా వెనక నవ్వుకుంటూ వచ్చారట. ఆ పూట అతను ఇంట్లోంచి బయటికి రాలేదని తర్వాత విన్నాను.

అతను దాన్ని బాగుచేయించే ఆశతో పలాసలో చూపించినది కూడా ఆ మెకానిక్కుకే. పలాస ఎంత ఊరని? మెకానిక్కు బండిని చూడగానే, దీని సంగతి పోయిన ఏడే ఆ బాబుకి చెప్పానే అన్నాడు. అతనే ఆ మాట తర్వాత నాతో చెప్పాడు, తప్పు చేశానేమోనని నొచ్చుకుంటూ. నేస్తం ఏమన్నాడని అడిగాను. ఏమీ అనలేదట, ఇనుము ధరకి అక్కడే ఎవరికో ఇచ్చేసి బస్సెక్కి వెళ్లిపోయాడట. ఆ తర్వాత నెలలోనే ఆ భుజంతోనే మళ్లీ వేటకి వెళ్లడం మొదలుపెట్టాడు.

ఎప్పుడు వచ్చి నిలదీస్తాడా అని నేను రోజూ ఎదురుచూశాను. నాకు తెలియదని చెప్పడానికి ఒక అబద్ధం, తెలిసినా ఇంత అనుకోలేదని చెప్పడానికి ఇంకో అబద్ధం సిద్ధం చేసుకున్నాను. అతను రాలేదు. ఒకరోజు కాశీబుగ్గ సంతలో ఎదురెదురు పడ్డాం, తప్పుకోవడానికి సందు లేదు. అతను నెత్తి మీది గంప దించి, తలపాగా విప్పి చేతిలో పట్టుకుని, "దండాలు బాబూ, మీరంతా బావున్నారా" అన్నాడు. కోపం లేదు, వెటకారం లేదు. వాళ్ల ఊళ్లో మిగతా వాళ్లందరూ నాకు ఎలా మర్యాద చేస్తారో అలాగే చేసి, గంప ఎత్తుకుని వెళ్లిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లకి అందులో వింతేమీ కనిపించి ఉండదు. నేను మాత్రం ఆ ఉల్లిపాయల బస్తాల మధ్య నిలబడి, చెంపదెబ్బ తిన్నా ఇంతకంటే నయమనుకున్నాను.

ఇదంతా జరిగి పాతికేళ్లు దాటింది. మా ఇంటి శుభకార్యాలకి పిలిస్తే వస్తూనే ఉన్నాడు. వచ్చి, అక్కుపల్లి నుంచి వచ్చినవాళ్లతో కలిసి పంక్తిలో తిని, దండం పెట్టి వెళ్తాడు. డబ్బు తిరిగి ఇద్దామని ఆ రోజుల్లోనే మా ఆవిడ చేత పంపించాను. వాళ్లు ఆమెకి చీర పెట్టి, బొట్టు పెట్టి, ఆ మూట విప్పకుండానే తిరిగి పంపించేశారు.

మొన్న అల్లుడు వెళ్లిపోయాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. మోకాళ్ల నొప్పులు నిజంగానే ఉన్నాయి గానీ, మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని అక్కుపల్లి వెళ్లాను. అరుగు మీద వల బాగుచేసుకుంటూ కనిపించాడు. కుడిభుజం ఎడమదాని కంటే బాగా కిందికి దిగిపోయి ఉంది. నన్ను చూడగానే లేచి, లోపలి నుంచి కుర్చీ తెప్పించి, దాన్ని తువ్వాలుతో తుడిచి నన్ను కూర్చోబెట్టి, తాను కింద మెట్టు మీద కూర్చున్నాడు. ఆ అరుగు మీదే ఇద్దరం ఒకే చాపలో పడుకున్న రోజులున్నాయి. ఇంక ఆగలేక మొదటి నుంచీ అంతా చెప్పేశాను, మెకానిక్కు పోసిన ఇసుక దగ్గర నుంచి కొబ్బరిచెక్క దాకా. ఏడ్చాను కూడా. అతను చేతిలో ఉన్న వల కన్ను పూర్తిగా అల్లి, ముడి వేసి, దారం తెంపాక తలెత్తాడు.

"కారుదేటుంది బాబూ, ఇనుము. పోనాది. మీరు ముందల సెప్పీసుంతే నాను తెలిసే తీసుకుందును. మీ నట్టంలో సగం నాది కాదేటి" అన్నాడు.

వాళ్లావిడ గ్లాసుతో కొబ్బరినీళ్లు పళ్లెంలో పెట్టి తెచ్చింది, తాగాను. లేచేటప్పుడు ఆ దిగిపోయిన భుజం మీద చెయ్యి వేసి, "వెళ్లొస్తాను నేస్తం" అన్నాను. చెయ్యి తీసెయ్యలేదు, నేను తీసేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, "జాగర్తగా ఎల్లిరండి బాబూ" అన్నాడు.

ఇప్పుడు మా ఊళ్లలో నేస్తాలు కట్టేవాళ్లు లేరు. సంబరాలు జరుగుతూనే ఉన్నాయి, మైకులూ లైట్లూ ఇదివరకటి కంటే ఎక్కువగానే ఉన్నాయి, పిల్లల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి బెల్లం పెట్టే పెద్దలే కనిపించరు. మా వయసు వాళ్లు కలిసినప్పుడు ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు, ఆ రోజులే వేరనీ, ఆ మనుషులే వేరనీ, పాడుకాలం వచ్చి అన్నిటినీ ఎత్తుకుపోయిందనీ నిట్టూరుస్తారు. మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు, మా నేస్తరికాన్ని మాత్రం ఏ కాలమూ ఎత్తుకుపోలేదు. ఆ మాట వాళ్లతో అనాలని ప్రతిసారీ అనుకుంటాను, చివరికి అవునవునని వాళ్లతోపాటు తల ఊపి ఊరుకుంటాను.